గ్రిడ్‌కి స్నాప్ చేస్తే ఎర్రర్ పోయింది, వైర్ సన్నబడింది! | చిప్ లేఅవుట్ కబుర్లు

పోయిన ఎపిసోడ్‌లో డీఆర్‌సీ గురించి మాట్లాడుకున్నాం కదా. మన లేఅవుట్ ఫౌండ్రీ పెట్టిన రూల్స్ ప్రకారం ఉందో లేదో చెక్ చేసే ప్రోగ్రామ్. ఈ రోజు టాపిక్ చూడ్డానికి చాలా చిన్నది. షేప్స్‌ని గ్రిడ్‌కి స్నాప్ చేయడం. "దీని మీద కూడా ఒక ఎపిసోడా?" అనుకుంటున్నారేమో. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, మొన్న మా జూనియర్ ఒకడు రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేసేదాకా.

"అన్నా, పడుకున్నావా?"

"పడుకుంటే ఫోన్ ఎలా ఎత్తుతాన్రా? చెప్పు."

"షటిల్‌కి రేపు సాయంత్రమే లాస్ట్ అన్నా. పొద్దున చూస్తే అన్నీ ఆఫ్‌గ్రిడ్ ఎర్రర్లు. మొత్తం లేఅవుట్‌ని ఒక్క లైన్ స్క్రిప్ట్‌తో 5 నానోమీటర్ల గ్రిడ్‌కి స్నాప్ చేసేశా. అవి పోయాయి. ఇప్పుడు విడ్త్ ఎర్రర్లు, యాంగిల్ ఎర్రర్లు వస్తున్నాయి. విడ్త్ ఎర్రర్లయితే ఇంతకుముందు ఒక్కటి కూడా లేదన్నా!"

షటిల్ అంటే తెలుసుగా? చాలామంది డిజైన్లు ఒకే మాస్క్ సెట్ మీద సర్దేసి ఒకేసారి ఫ్యాబ్‌కి పంపడం. షేర్ ఆటో లాంటిది. ఖర్చు పంచుకుంటాం, కానీ బండి మన కోసం ఆగదు. మిస్ అయితే మళ్ళీ ఎప్పుడు వస్తే అప్పుడే.

వాడి గొడవ అర్థం కావాలంటే ముందు గ్రిడ్ సంగతి చూద్దాం.

చుక్కల ముగ్గు గుర్తు తెచ్చుకోండి. అమ్మ ముందు చుక్కలు పెడుతుంది, తర్వాత గీత ఒక చుక్క దగ్గర మొదలై ఇంకో చుక్క దగ్గర ఆగుతుంది. చుక్కకి చుక్కకి మధ్యలో గీత ఆగిపోదు. చిప్ లేఅవుట్‌లో కూడా ప్రతి షేప్ మూల, అంటే వర్టెక్స్, ఏదో ఒక చుక్క మీదే ఉండాలి. ఆ చుక్కల మధ్య దూరాన్ని మాన్యుఫ్యాక్చరింగ్ గ్రిడ్ అంటారు.

మా వాడు వాడింది స్కైవాటర్ 130 నానోమీటర్ ప్రాసెస్. 2020లో గూగుల్, స్కైవాటర్ కలిసి ఓపెన్ సోర్స్‌గా బయటపెట్టారు కదా, అదే. దాంట్లో ఈ గ్రిడ్ 5 నానోమీటర్లు. ఎంత చిన్నదంటే, సిలికాన్ క్రిస్టల్‌లో ఒక గడి సైజు 0.543 నానోమీటర్లు. అంటే మన చుక్కకి చుక్కకి మధ్య పట్టేది అలాంటి గళ్ళు తొమ్మిదే.

సరే, ఈ గ్రిడ్ ఎందుకు? నాకు నచ్చిన చోట మూల పెడితే ఫౌండ్రీకేం నష్టం?

రెండు కారణాలు. ఒకటి, ఫైల్. మనం ఫౌండ్రీకి పంపే జీడీఎస్ ఫైల్ ఫార్మాట్ 1970ల చివర్లో కాల్మా అనే కంపెనీ నుంచి వచ్చింది. ఇప్పటికీ అదే నడుస్తోంది. దాంట్లో కోఆర్డినేట్లన్నీ పూర్ణాంకాలే, దశాంశాలు ఉండవు. సాధారణంగా ఒక యూనిట్ అంటే 1 నానోమీటర్. మీరు స్క్రిప్ట్‌లో 70.71 అని లెక్కేసినా ఫైల్‌లోకి వెళ్ళేది 71 మాత్రమే. ఫైల్ సేవ్ చేసినప్పుడే మీకు తెలియకుండా ఒక స్నాప్ అయిపోయిందన్నమాట.

రెండోది మాస్క్. మాస్క్ మీద బొమ్మ వేఫర్ మీద పడే బొమ్మకి 4 రెట్లు పెద్దగా ఉంటుంది. మన 5 నానోమీటర్లు అక్కడ 20 అవుతాయి. ఆ మాస్క్ రాసే మెషీన్‌కి కూడా అడుగులుంటాయి, దాని డేటా తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కీ గ్రిడ్ ఉంటుంది. మీరు చుక్క మీద పెట్టకపోతే వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఎటో ఒకవైపు జరుపుతుంది. ఎటు జరిపిందో మీకు తెలీదు. మీరు డీఆర్‌సీ చేసింది ఒక బొమ్మ మీద, ఫ్యాబ్‌లో తయారయ్యేది ఇంకో బొమ్మ. అందుకే ఫౌండ్రీ ముందే "ఆఫ్‌గ్రిడ్ అయితే తీసుకోం" అంటుంది.

ఒకప్పుడు ఈ తలనొప్పి లేదు. కార్వర్ మీడ్, లిన్ కాన్వే పుస్తకం 1980లో వచ్చింది. చిప్ డిజైన్ కాలేజీ క్లాసుల్లోకి వచ్చిందే దాంతో. వాళ్ళ పద్ధతిలో అన్ని కొలతలూ లాంబ్డా అనే ఒక యూనిట్‌తోనే. వెడల్పు 2 లాంబ్డాలు, గ్యాప్ 3 లాంబ్డాలు, ఇలా. 1980లలో బర్క్‌లీలో జాన్ ఔస్టర్‌హౌట్, ఆయన స్టూడెంట్స్ చేసిన మ్యాజిక్ అనే లేఅవుట్ టూల్ కూడా లాంబ్డా గ్రిడ్ మీదే నడిచేది. గళ్ళ నోటు పుస్తకంలో గళ్ళు నింపినట్టే. ఇప్పుడు మనకి పైథాన్ స్క్రిప్టులొచ్చాయి, ఎలా కావాలంటే అలా గీసే ఫ్రీడమ్ వచ్చింది. దాంతో పాటే ఈ ఎర్రర్లూ వచ్చాయి.

ఇక్కడ ఒక కన్ఫ్యూజన్ క్లియర్ చేయాలి. గ్రిడ్ అనే మాట ఒకటే, వాడేది మాత్రం నాలుగు రకాలుగా. 1 నానోమీటర్ డేటాబేస్ యూనిట్ ఫైల్‌ది. 5 నానోమీటర్లది ఫౌండ్రీది. మూడోది స్టాండర్డ్ సెల్స్ పెట్టే గ్రిడ్. స్కైవాటర్ హై డెన్సిటీ లైబ్రరీలో ఒక సైట్ 460 నానోమీటర్ల వెడల్పు, 2720 ఎత్తు. సెల్స్ ఆ కొలత ప్రకారమే కూర్చోవాలి, ట్రైన్‌లో బెర్తుల్లాగా. 460నీ 2720నీ 5తో భాగిస్తే శేషం రాదు. కావాలనే అలా పెట్టారు. నాలుగోది మీ స్క్రీన్ మీద కనిపించే చుక్కలు, మౌస్ అతుక్కునే గ్రిడ్. అది మీ ఇష్టం, సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. కొత్తవాళ్ళు చేసే తప్పేంటంటే, స్క్రీన్ మీద చుక్కలు కనిపిస్తున్నాయి కాబట్టి అవే ఫౌండ్రీ చుక్కలు అనుకుంటారు. టూల్ ఓపెన్ చేయగానే మౌస్ గ్రిడ్ ఎంతుందో చూసుకోండి. 1 ఉంటే 5 చేసుకోండి, అంతే.

స్నాప్ కూడా రెండు రకాలు. గీసేటప్పుడు మౌస్ చుక్కకి అతుక్కోవడం ఒకటి. దాంతో ప్రమాదం లేదు, ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి. రెండోది అంతా గీసేశాక, "ఈ మూలలన్నిటినీ దగ్గర్లో ఉన్న చుక్కకి లాగేయ్" అనడం. మా వాడు వాడే క్లేఅవుట్‌లో దీనికి స్నాప్ అనే కమాండే ఉంది. వాడు చేసింది అదే.

ఇప్పుడు మీరు ఊహించని సంగతి చెప్తా. మీ షేప్స్ అన్నీ నిలువు, అడ్డం గీతలే అయితే ఈ రెండో స్నాప్ కూడా దాదాపు సేఫ్. చూడండి. మెటల్ 1లో రెండు వైర్ల మధ్య కనీసం 140 నానోమీటర్ల గ్యాప్ ఉండాలి. ఒక వైర్ అంచు 103 దగ్గరుంది, పక్క వైర్ అంచు 247 దగ్గరుంది. గ్యాప్ 144. స్నాప్ చేస్తే 103 వెళ్ళి 105 అవుతుంది, 247 వచ్చి 245 అవుతుంది. గ్యాప్ 140. తగ్గింది, కానీ రూల్ కిందికి పోలేదు. ఇది లక్ కాదు. 140 అనేది 5కి మల్టిపుల్. రెండు అంచులకీ ఒకే పద్ధతిలో రౌండింగ్ చేస్తే 140 కంటే ఎక్కువున్న గ్యాప్ 140 కంటే తక్కువకి రావడం కుదరదు. కావాలంటే పేపర్ మీద ఏ నంబర్లతో అయినా చేసి చూడండి.

మరి మా వాడికి విడ్త్ ఎర్రర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

ఏటవాలు గీతల నుంచి. వాడు మెటల్ 3లో కొన్ని వైర్లని 45 డిగ్రీలు వంచాడు. అక్కడ మినిమమ్ విడ్త్ 300 నానోమీటర్లు. వాడి స్క్రిప్ట్ ఏం చేసిందంటే, వైర్ నడిమి గీత నుంచి అటు 150, ఇటు 150 జరిగి అంచులు గీసింది. 45 డిగ్రీల గీతకి 150 పక్కకి జరగడమంటే ఎక్స్‌లో 150 బై రూట్ 2, వైలో 150 బై రూట్ 2. అంటే 106.07. దగ్గర్లో ఉన్న చుక్క ఏది? 105. స్నాప్ అక్కడికే లాగింది. ఇప్పుడు వెనక్కి లెక్కేయండి. 105ని రూట్ 2తో గుణించి, రెండు వైపులా కాబట్టి రెట్టింపు చేస్తే 297. మూడు నానోమీటర్లు సన్నబడింది. రూల్ 300. ఎర్రర్!

కంటికి కనిపించదు. ఎంత జూమ్ చేసినా వైర్ వైర్‌లాగే ఉంటుంది. రూట్ 2 ఏ గ్రిడ్‌కీ లొంగే నంబర్ కాదు, దాంతో బేరాలాడలేం.

"అయితే మెటల్ 1లో కూడా 45 డిగ్రీలు వంచా కదన్నా, అక్కడ ఎర్రర్ రాలేదేంటి?" అన్నాడు. మంచి ప్రశ్నే. అక్కడ మినిమమ్ 140, సగం 70. రూట్ 2తో భాగిస్తే 49.5. అది 50కి వెళ్ళింది. వెనక్కి లెక్కేస్తే 141.4. పెరిగింది కాబట్టి బతికిపోయాడు. అదృష్టం వల్ల పాసైన వైర్ అది.

యాంగిల్ ఎర్రర్ కథ వేరు. చాలా ప్రాసెస్‌లలో మెటల్ అంచులు 45 డిగ్రీల మల్టిపుల్స్‌లోనే ఉండాలి. ఒక అంచు 2, 3 అనే పాయింట్ నుంచి 101, 102 దాకా ఉందనుకోండి. ఎక్స్‌లో 99, వైలో 99. పక్కా 45 డిగ్రీలు. స్నాప్ చేస్తే మొదటి మూల 0, 5కి వెళ్తుంది. రెండోది 100, 100కి. ఇప్పుడు ఎక్స్‌లో 100, వైలో 95. దాదాపు 43.5 డిగ్రీలు అయింది. రెండు మూలల్నీ విడివిడిగా లాగాం, "మీ ఇద్దరి మధ్య ఒక కోణం ఉంది, దాన్ని కాపాడండి" అని ఎవరూ చెప్పలేదు. స్నాప్‌కి మూలలు మాత్రమే తెలుసు.

ఇంకో రకం ఉంది, ఇది ఇంకా చిరాకు. ఒక ఏటవాలు అంచు మధ్యలో ఇంకో షేప్ మూల వచ్చి ఆనుకుని ఉంటుంది. స్నాప్‌లో అంచు కొసలు కొంచెం జరిగాయి, ఆ మూల తన దారిన తను జరిగింది. మధ్యలో ఒకటి రెండు నానోమీటర్ల చీలిక పడుతుంది. నిన్నటిదాకా కలిసున్న మెటల్ ఇవాళ డీఆర్‌సీకి రెండు ముక్కలు. దీనికి మందు, స్నాప్ కంటే ముందు మెర్జ్ చేయడం. ఒకే పాలిగన్ అయ్యాక లాగితే కలిసే కదులుతుంది.

ఇందాక "ఒకే పద్ధతిలో రౌండింగ్ చేస్తే" అన్నాను కదా, అది ఎందుకన్నానో చూడండి. పైథాన్ వాడేవాళ్ళు ఇది జాగ్రత్తగా వినండి. 12.4ని రౌండ్ చేస్తే 12, 12.6ని చేస్తే 13. సరిగ్గా 12.5 అయితే? స్కూల్లో 13 అని చెప్పారు. పైథాన్ 12 అంటుంది. 13.5ని మాత్రం 14 అంటుంది. సరిగ్గా సగం వస్తే దగ్గర్లో ఉన్న సరి సంఖ్యకి వెళ్ళడం దాని పద్ధతి. తప్పు కాదు, కావాలనే అలా పెట్టారు. కానీ లేఅవుట్‌లో ఏమవుతుందో చూడండి. 145 నానోమీటర్ల వైర్ సెంటర్‌ని సున్నా మీద పెట్టారు. అంచులు ప్లస్ 72.5, మైనస్ 72.5. 5తో భాగిస్తే 14.5. పైథాన్ దాన్ని 14 చేసింది. వైర్ 140 అయింది. అదే 155 వైర్ అయితే 15.5 కాస్తా 16 అయి, వైర్ 160 అయింది. ఒకటి సన్నబడింది, ఒకటి లావైంది. రెండూ మెటల్ 1లో మినిమమ్ కంటే తక్కువ కాదు కాబట్టి డీఆర్‌సీ నోరెత్తదు. మామూలు వైర్ అయితే పర్లేదు. అదే రెండు రెసిస్టర్లు, వాటి నిష్పత్తి మీద మీ సర్క్యూట్ ఆధారపడి ఉంటే? చిప్ తిరిగొచ్చాక, టెస్ట్ బెంచ్ మీద తెలుస్తుంది. అప్పటికి నెలలు గడిచిపోతాయి.

దీనికి విరుగుడు సింపుల్. సెంటర్ చుక్క మీదుంటే వెడల్పు 10కి మల్టిపుల్‌గా పెట్టుకోండి. 140, 150, 160. సగం చేసినా 5 మల్టిపులే వస్తుంది.

సెల్స్ లోపల సెల్స్ ఉంటే ఇంకో తిరకాసు. సెల్ లోపల ఒక అంచు 2 దగ్గరుంది, ఆ సెల్‌ని టాప్‌లో 2 దగ్గర పెట్టారు. అంచు అసలు చోటు 4, స్నాప్ చేస్తే 5కి వెళ్ళాలి. కానీ లోపల విడిగా, బయట విడిగా స్నాప్ చేస్తే 2 సున్నా అయింది, ఇంకో 2 కూడా సున్నా అయింది. అంచు సున్నా దగ్గర తేలింది. అదే సెల్‌ని ఇంకోచోట 3 దగ్గర పెట్టారనుకోండి, అక్కడ లెక్క మళ్ళీ వేరు. ఒకే సెల్, రెండు చోట్ల రెండు రకాల సవరణలు కావాలి. టూల్ ఆ సెల్‌ని రెండు వేర్వేరు కాపీలు చేస్తే తప్ప కుదరదు. కాబట్టి సెల్ పెట్టే చోటు కూడా చుక్క మీదే ఉండాలి. సెల్‌ని 45 డిగ్రీలు తిప్పారా, ఇక లోపలున్న ప్రతి మూలా రూట్ 2 పాలే.

సరే, మా వాడి దగ్గరికొద్దాం. నేను చెప్పిన మొదటి మాట, "స్నాప్ చేసిన ఫైల్ పక్కన పెట్టు, పాత ఫైల్ తియ్." స్నాప్ చేయకముందు ఆన్‌గ్రిడ్ చెక్ ఒక్కటే రన్ చేయమన్నా. క్లేఅవుట్ డీఆర్‌సీ స్క్రిప్ట్‌లో ఆ పేరుతోనే ఉంటుంది. అది ఏదీ కదపదు, చుక్క మీద లేని మూలల్ని చూపిస్తుంది. లిస్ట్ చూస్తే వందల ఎర్రర్లు ఉండొచ్చు, కానీ అవన్నీ పుట్టింది రెండు మూడు చోట్లే. వాడి విషయంలోనూ అంతే. మెటల్ 3 వంపులు గీసే ఫంక్షన్ ఒకటి. రెండోది ఏంటో అడిగితే కాసేపు మాట్లాడలేదు.

"అన్నా... చిప్ మూలలో 'శ్రీ' పెట్టా అన్నా. మెటల్ 4లో."

నవ్వాగలేదు నాకు. పెళ్ళి కార్డు మీద, కొత్త లెక్కల పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నట్టు, మొదటి చిప్ మీద శ్రీ. తప్పేం కాదు, చిప్ మూలల్లో బొమ్మలు, పేర్లు పెట్టుకోవడం ఇంజనీర్లకి పాత అలవాటే. కానీ తెలుగు అక్షరంలో తిన్నని గీత ఎక్కడుందండీ? ఫాంట్ నుంచి పాలిగన్‌గా మార్చి పెట్టేశాడు. ప్రతి వంపూ రకరకాల కోణాల్లో చిన్న చిన్న ముక్కలు. యాంగిల్ ఎర్రర్లలో చాలావరకు అక్కడివే. అవి స్నాప్ పాపం కాదు, మొదటి నుంచీ ఉన్నాయి. వాడు ఆఫ్‌గ్రిడ్ లిస్ట్ ఒక్కటే చూసుకున్నాడు.

మీ ఫోన్‌లో శ్రీ గుండ్రంగానే కనిపిస్తుంది, స్క్రీన్ కూడా చతురస్రాల పిక్సెల్సే అయినా. అక్కడ అంచు పిక్సెల్స్‌కి సగం నలుపు, పావు నలుపు వేసి కంటిని మోసం చేస్తారు. మెటల్‌లో సగం నలుపు ఉండదు. ఉంటే ఉంది, లేకపోతే లేదు.

మెటల్ 3 పని అరగంటలో అయింది. 106.07 వచ్చే చోట రౌండింగ్‌కి వదలకుండా, పైనున్న చుక్క 110ని స్క్రిప్ట్‌లోనే పెట్టేశాడు. వెడల్పు 311 అయింది. వంపు చివర్లని కూడా లెక్క మధ్యలోనే 5 మల్టిపుల్స్‌గా, పూర్ణాంకాలతో రాయించాం. వైర్ లావైంది కాబట్టి పక్క వైర్‌తో గ్యాప్ తగ్గింది, దాన్ని కొంచెం జరపాల్సొచ్చింది. తర్వాత పాత లేఅవుట్‌కీ కొత్తదానికీ ఎక్సార్ చేయించా. రెండిట్లో తేడా ఉన్న చోటు మాత్రమే చూపిస్తుంది అది. మనం మార్చిన చోట్ల తప్ప ఇంకెక్కడా ఏమీ వెలగకూడదు. ఒక్కచోట వెలిగింది, ఒక సెల్ కొంచెం జరిగిపోయి ఉంది. పొద్దున స్నాప్ చేసిన ఫైల్ నుంచి కాపీ కొట్టాడట.

శ్రీ మాత్రం తీసేయమన్నా. వినలేదు. రాత్రి రెండింటికి కూర్చుని దాన్ని 1 మైక్రాన్ చతురస్రాలతో మళ్ళీ కట్టాడు, అడ్డంగా 60, నిలువుగా 60. మొత్తం కలిపి దాదాపు మనిషి వెంట్రుక మందం అంత. అక్కడా ఒక చిక్కొచ్చింది. వంపు దగ్గర రెండు చతురస్రాలు మూల మూల మాత్రమే తగులుతున్నాయి. ఆ తగిలే చోట మెటల్ వెడల్పు సున్నా, డీఆర్‌సీ ఊరుకోదు. అలాంటి ప్రతిచోటా పక్కన ఇంకో చతురస్రం నింపుకుంటూ పోయాడు.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి సబ్మిట్ చేశాడు. ర వత్తు తోక మాత్రం మెట్లు మెట్లుగా వచ్చింది. స్క్రీన్‌షాట్ వాళ్ళమ్మకి పంపితే, "ముగ్గులాగుంది, బాగుందిరా" అందట.

నెక్స్ట్ ఎపిసోడ్ ఎల్‌వీఎస్ మీద. వాడి రెసిస్టర్ల సంగతి అందులో చెప్తా. ఉంటాను మరి, బై.